మా ఇంటిగుట్టు

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని సంఘము పెద్దలు కోరినప్పుడు మేము కొంత వెనుకాడితిమి. మేము పండితులము కాము. పాత పద్ధతి పదునొకండవ తరగతి పరీక్షలో కృతార్థులమై, విరుదునగరములో ఒక సహకార సంఘమున ముప్పదియారేండ్లు గుమాస్తా పని చేసి విశ్రాంతి గైకొన్నవారము. మాకు వచ్చిన ఈ కాస్త తెలుగు బడిలో నేర్చినది కాదు. వేసవి సెలవులలో మా తాతగారు పెద్దబాలశిక్ష ముందు పెట్టుకొని, తప్పు చెప్పినప్పుడెల్ల నెత్తిన మొట్టి నేర్పినది. అందుచేత భాషలో దోషములున్న చదువరులు మన్నింతురు గాక.

పండుగలను గూర్చియు, మన పూర్వుల వలసలను గూర్చియు వ్రాయగలవారు మనలో పెక్కురున్నారు. మేము మా యింట జరిగిన సంగతి యొకటి వ్రాయదలచితిమి. మా వారికి కొత్తగా దొరికిన ఉద్యోగము ఒక నెలయైనను నిండకమునుపే ఊడిపోయిన సంగతి యిది. ఉద్యోగము పోవుట లోకములో కొత్త గాదు. అది పోయిన తరువాత మేము చేసిన పొరపాటును చెప్పుటకే ఈ వ్యాసము.

మా వారు మా మేనత్త కొడుకే. మాకు పెండ్లియైన నాటినుండి వారు విరుదునగరములో ఒక కమీషన్ మండిలో లెక్కలు వ్రాయుచుండిరి. విరుదునగరము పేరు చెప్పగానే ప్రత్తి, మిరపకాయలు, పప్పులు, నూనె జ్ఞప్తికి వచ్చును గదా! ఆ బజారులో లెక్కలు తెలిసిన మనిషికి పని కరువు లేదు గాని, జీతము మాత్రము పెరుగదు. పదమూడేండ్ల తరువాత వారి జీతము నెలకు 1,300 రూపాయలు. మా జీతము 1,150. ఇంట అత్తయ్య, పెండ్లికెదిగిన ఆడబిడ్డ, ఇద్దరు పిల్లలు, మేమిరువురము, వెరసి ఆరుగురము.

1994వ సంవత్సరమున కోవిల్పట్టిలో ఒక వ్యాపార సంస్థవారు 1,900 రూపాయలకు లెక్కల గుమాస్తా కావలెనని కబురు పంపిరి. మా వారికి పాతచోటు విడుచుటకు మనసు లేదు. “తెలిసిన గద్దె, తెలిసిన పెట్టె” అనుచుండిరి. విడువుమని పోరుపెట్టినది మేమే. ఆడబిడ్డ పెండ్లి దగ్గర పడుచున్నది, పిల్లలు పెద్ద తరగతులకు వచ్చుచున్నారు అని లెక్కలు చూపితిమి. లెక్కల గుమాస్తాకు లెక్కలే చూపి ఓడించితిమి. ఆగష్టు 1వ తేది సోమవారమునాడు వారు కొత్త పనిలో చేరిరి. రాబోవు జీతమును నమ్మి మేము ఆ వారమే నెలకు 500 రూపాయల చీటి యొకటి కట్టనారంభించితిమి.

విరుదునగరమునుండి కోవిల్పట్టికి సుమారు 50 కిలోమీటర్లు. తుళుక్కపట్టి, సాత్తూరు, నళ్ళి దాటి పోవలెను. రైలుకు సీజన్ టికెట్టు తీసికొని, మూడు గిన్నెల టిఫిన్ క్యారియరుతో వారు తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడినపిదప వచ్చుచుండిరి. శనివారమునాడు మాత్రము పిల్లలకు కడలై మిఠాయి పొట్లమొకటి తెచ్చెదరు. వేరుసెనగపప్పు, బెల్లము కలిపి చేయు కోవిల్పట్టి మిఠాయి ఈ సీమలో ఎరుగనివారు లేరు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఆగష్టు 27వ తేది శనివారమునాడు గూడ పొట్లము వచ్చినది. పిల్లలు తిని పండుకొన్న తరువాత మా వారు చొక్కాజేబునుండి కవరొకటి తీసి మా చేతికిచ్చిరి. అందులో 27 రోజుల జీతమున్నది. సాయంకాలము అయిదున్నరకు పెద్దగుమాస్తా పిలిచి, “సోమవారంనుంచి రానక్కరలేదు” అన్నాడట. తప్పేమని అడిగితే, “తప్పేమీ లేదు. యజమానుల ఇష్టం” అన్నాడట. అంతకుమించి వారికి ఆనాడు తెలియలేదు. ఈనాటికిని తెలియదు. యజమానుల బంధువొకడు ఆ కుర్చీలో కూర్చున్నాడని మాత్రము కొన్నాళ్ళకు వింటిమి.

చదువరులారా, ఆ రాత్రి మేము అడిగిన మొదటి మాట వ్రాయుటకు ఇప్పటికిని సిగ్గగుచున్నది. “బావా, మీరేం చేశారు?” అని అడిగితిమి. తిన్నారా యని అడుగలేదు. వారు జవాబు చెప్పక గోడవైపు తిరిగి పండుకొనిరి.

రెండవ పొరపాటు మరునాటి ఉదయము జరిగినది. అప్పటికి సాత్తూరునుండి మా ఆడబిడ్డకు సంబంధమొకటి వచ్చియుండెను. పిల్లను చూచి పోయిరి. పురట్టాసి మాసము దాటి ఐప్పసిలో వచ్చి మాటలు ముగించెదమనిరి. అన్నకు ఉద్యోగము లేదని తెలిసిన వారు వెనుదీయుదురని మా భయము. “ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెత చిన్ననాటినుండి మా చెవులలో నున్నదే. అందుచేత అత్తయ్యకు గాని, ఆడబిడ్డకు గాని చెప్పవద్దని మా వారిని బ్రతిమాలితిమి. “ఐప్పసి వచ్చేదాకా ఎప్పటిమాదిరే రైలెక్కి పోయి రండి. అంతలోపల వేరే పని దొరక్కపోదు” అంటిమి. వారు చాలసేపు ఊరకుండి తల ఊపిరి.

సెప్టెంబరు నెలకు సీజన్ టికెట్టు కొనుటకు మా జీతమునుండి డబ్బు తీసియిచ్చితిమి. పని లేని నెలకు పనికి పోవు టికెట్టు! ఆ నెల మా యింటి లెక్క యిది: రాబడి 1,150. ఇంటద్దె 300, చీటికి 500. మిగిలిన 350 రూపాయలలో ఆరుగురు తినవలెను, పిల్లల బడి చూచుకొనవలెను, టికెట్టు కొనవలెను. చేతి గాజులలో రెండు కుదువకు పోయినవి.

మా వారు దినదినమును క్యారియరు పట్టుకొని పోవుచుండిరి. మొదటి వారములో కోవిల్పట్టి బజారులో పని విచారించిరి. కొత్తగా చేరి నెల తిరుగకముందే తీసివేయబడిన మనిషిని ఎవరు నమ్ముదురు? “ఏం చేశావు?” అనియే వారును అడిగిరట. మేమడిగిన మాటే! ఆ తరువాత వారు శెంబగవల్లి అమ్మవారి కోవెల మండపములో కూర్చుండి, మధ్యాహ్నము కోవెల మూసినప్పుడు స్టేషనుకు వచ్చి బల్లమీద అన్నము తిని, సాయంకాలపు బండికి తిరిగి వచ్చుచుండిరి. ఇది తరువాత తెలిసిన సంగతి. ఆ దినములలో ఏమి చేసితిరని మేము అడుగను లేదు, వారు చెప్పను లేదు. శనివారపు మిఠాయి పొట్లము మాత్రము తప్పలేదు. దానికి డబ్బెక్కడిదని యడుగుటకు మాకు ధైర్యము చాలలేదు.

సెప్టెంబరు 30వ తేది రాత్రి వారు కాలము తీరిన టికెట్టును మా ముందు పెట్టిరి. “రేపటినుంచి నేను పోను. కోవిల్పట్టివాళ్ళు రావద్దన్నారు, సరే. ఈ ఇంట్లో కూడా పగటిపూట ఉండవద్దంటే నేనెక్కడికి పొయ్యేది?” అనిరి. కోపముతో అనలేదు. దారి తెలియక అడిగినట్లే అడిగిరి. ఉద్యోగము పోగొట్టినవారెవరో కోవిల్పట్టిలో నున్నారు. ఇల్లు పోగొట్టినవారము మేమే యని ఆ మాటతో మాకు తెలిసినది.

మరునాడు ఉదయము వారే పోయి తల్లితో చెప్పిరి. మేము తలుపు చాటున నిలుచుంటిమి. అత్తయ్య ఏడ్చునని యెదురుచూచితిమి. ఆమె రోలు దగ్గరనుండి తల యెత్తి, “నాకు తెలుసులే నాయనా. నెల రోజులుగా నీ చొక్కా చేతులకు కార్బను మరక లేదు. ఉతికేదాన్ని నేను గదా” అన్నది. “మరి అడగలేదేమమ్మా?” అనగా, “మీరిద్దరూ దాచుకుంటుంటే నేనెట్లా అడిగేది?” అన్నది.

ఆ ఆదివారము మా వారు సాత్తూరు పోయి, వరుని పెదనాన్నగారితో ఉన్న సంగతి ఉన్నట్లు చెప్పివచ్చిరి. ఆయనయు మండి వ్యాపారియే. “మాకు ఆవణిలోనే తెలుసు. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నాం” అన్నాడట. విరుదునగరము, సాత్తూరు, కోవిల్పట్టి మూడూళ్ళును ఒక్క బజారువంటివి. ప్రత్తి ధర యెంత వేగముగా పోవునో మనుష్యుల సంగతియు అంత వేగముగానే పోవును. మేము లోకమునుండి దాచితిమనుకొన్నది లోకమంతటికిని తెలిసియే యున్నది. తెలియనట్లు నటించుచు, తోడు లేక బ్రతికినవారము మేమిరువురమే.

ఆ సంబంధము నిలువలేదు. జాతకము కుదురలేదని కబురు పంపిరి. అది నిజమో కాదో మేమెరుగము. కాని మరుసటి యేడు రాజపాళయము దగ్గరనుండి వేరొక సంబంధము వచ్చినప్పుడు, తాంబూలములకు ముందే మా వారు తమ పరిస్థితి యంతయు చెప్పిరి. విన్నవారు ఒక క్షణము మౌనముగా నుండి, “మా తమ్ముడికీ ఇట్లాగే అయింది” అని తమ కథ యెత్తుకొనిరి. ఆ యింటిలోనే మా ఆడబిడ్డ సుఖముగా నున్నది.

గుట్టు వదలిన తరువాత సహాయము ఎక్కడనుండి వచ్చెనో చెప్పవలెను. మొదట మా సహకార సంఘమునకు వచ్చిపోవు న్యాయవాది యొకరు మాకు రెండు సంగతులు తెలియజెప్పిరి. దుకాణములు, వ్యాపార సంస్థలను గూర్చి మన రాష్ట్రమున 1947వ సంవత్సరపు చట్టమొకటి యున్నది. దాని 41వ సెక్షను ప్రకారము, ఆరు నెలలకు తక్కువ గాక యెడతెగకుండ పని చేసిన మనిషిని తగిన కారణము లేకయు, నెల రోజుల నోటీసుగాని దానికి బదులు జీతముగాని ఇయ్యకయు తీసివేయరాదు. మా వారు చేసినది 27 రోజులు. కాబట్టి ఆ రక్షణ వారికి లేదు. కొత్త ఉద్యోగము చిగురువంటిది. చెట్టునకు వేసిన కంచె చిగురునకు అందదు. ఈ మాట వినిన రాత్రి మా వారు చాల దినముల తరువాత గాఢముగా నిద్రపోయిరి. గెలుచుటకు వ్యాజ్యము లేదని తెలిసియు ఎట్లు నిద్రపట్టెనని అడుగగా, “తప్పు నాది కాదు, దినాల లెక్కది” అనిరి.

రెండవ సంగతి మాకు అన్నము పెట్టినది. 1972వ సంవత్సరపు గ్రాట్యుటీ చట్టము ప్రకారము, పదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలో అయిదేండ్లు యెడతెగకుండ పనిచేసినవాడు తానై రాజీనామా చేసినను గ్రాట్యుటీకి అర్హుడు. మా వారు తామే విడిచి వచ్చితిమి గదా యని అడుగుటకు సిగ్గుపడి ఊరకుండిరి. లెక్క సులభము: చివరి నెల జీతమును 26చేత భాగించి, 15చేత గుణించి, పని చేసిన సంవత్సరములచేత మరల గుణించవలెను. 1,300కు 750 వచ్చును. పదమూడేండ్లకు 9,750 రూపాయలు. దరఖాస్తు కొంత ఆలస్యమైనంత మాత్రమున హక్కు పోదని న్యాయవాది చెప్పిరి. పాత యజమాని మొదట ముఖము ముడుచుకొన్నను, దీపావళికి సగమును, పొంగలికి సగమును ఇచ్చెను. గాజులు ఇంటికి వచ్చినవి. చీటి ఆగలేదు.

ఇచ్చట యువకులకు ఒక హెచ్చరిక. చట్టములు మారుచుండును. 2025 నవంబరు 21వ తేదినుండి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోనికి వచ్చి, గ్రాట్యుటీ చట్టము మొదలుకొని పెక్కు పాతచట్టముల స్థానమును గైకొన్నవి. కాబట్టి మా లెక్కను నమ్ముకొనక ఇప్పటి నియమమును తెలిసినవారివద్ద విచారించుకొనవలెను. కాని పాతచోటు విడుచునప్పుడు రావలసినదేమో అడుగుట, కొత్తచోట చేరునప్పుడు నియామకపు ఉత్తరువు వ్రాతమూలకముగా తీసికొనుట, చేతిలోనికి రాని జీతమును నమ్మి చీటి కట్టకుండుట, ఈ మూడును ఏ చట్టము వచ్చినను మారవు.

ఇక పని సంగతి. దాచుట మానగానే అడుగుటకు నోరు వచ్చినది. మా బంధువు లొకరిద్దరు తమ తమ దుకాణముల లెక్కలు వ్రాయుమని మా వారికిచ్చిరి. మూడు దుకాణములు, ఒక్కొక్కటికి నెలకు 300 రూపాయలు. వారు మా యింటి తిన్నెమీదనే, వీధిలోని వారందరు చూచుచుండగా, చాప పరచుకొని లెక్కలు వ్రాసిరి. మొదటి దినమున మాకు తల కొట్టివేసినట్లుండెను. వారము దాటకముందే ఎదురింటివారు తమ పన్ను కాగితము పట్టుకొని వచ్చిరి. ఎనిమిది నెలలకు ఒక పప్పుల వ్యాపారివద్ద స్థిరమైన పని దొరికినది. అచ్చటనే వారు ముదిమివరకు పనిచేసిరి.

2003 జులైలో మన రాష్ట్రమున సమ్మె చేసిన ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు సుమారు 1,70,000 మంది ఒక్కసారిగా పనినుండి తొలగింపబడిన సంగతి చదువరులకు జ్ఞాపకముండును. విషయము సుప్రీంకోర్టువరకు పోయినది. తరువాత వారిలో అత్యధికులు తిరిగి పనిలోనికి తీసికొనబడిరి. ఆ దినములలో మా వీధిలో నూతనముగా పెండ్లియైన యువతి యొకతె పట్టపగలు తలుపులు బిగించుకొని యుండెను. ఆమె భర్త ఉద్యోగములో చేరి యేడాది గూడ కాలేదు. మేము మజ్జిగ చెంబు పట్టుకొని పోయి తలుపు తట్టితిమి. ఓదార్పు మాటలేమియు చెప్పలేదు. మా సీజన్ టికెట్టు కథ చెప్పితిమి. విని ఆమె మొదట ఏడ్చినది. తరువాత, “ఆయన ఇప్పుడెక్కడున్నారో తెలుసా అక్కా? పెరట్లో. ఎవరూ చూడకుండా అక్కడే కూర్చోమన్నాను” అన్నది. లోపలికి పోయి పిలుచుకొని వచ్చినది. ఆయన మజ్జిగ త్రాగెను. అంతే.

మన పూర్వులను గూర్చి ఒక్క మాట చెప్పి ముగింతుము. కోవిల్పట్టి సమీపమున ఇడైసెవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్‌గారు (1923–2021) తెలుగింటి బిడ్డయై తమిళమున గొప్ప రచయితయైరి. వారి ‘గోపల్ల గ్రామం’ అను నవల 1976లో వెలువడినది. ఆడపిల్ల యొకతె మానము కాపాడుటకై ఉన్న ఊరు, పొలము, పశువులు విడిచి దక్షిణమునకు నడచివచ్చి, అడవి కొట్టి ఈ నల్లరేగడి నేలలో నిలిచిన తెలుగువారి కథ అది. మా అవ్వయు ఇటువంటి కథలే చెప్పుచుండెను. ఆ కథలు వినినప్పుడెల్ల మేము వారి ధైర్యమును మెచ్చుకొంటిమేగాని, ఆ ధైర్యమెక్కడిదని ఆలోచింపలేదు. వారు పోగొట్టుకొన్నది అందరికిని తెలిసియే పోగొట్టుకొనిరి. కట్టుబట్టలతో వచ్చితిమని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. ఉన్న జొన్నసంకటిని పంచుకొనిరి. వారి మనుమరాండ్రమైన మేము ఒక జీతపుకవరును దాచుకొంటిమి.

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెత అబద్ధము కాదు. కాని ఏది గుట్టు, ఏది కష్టము అను వివేకము కావలెను. దొంగతనము చేసిన దాచుకొనవలసినదే. ఉద్యోగము పోవుట దొంగతనము కాదు. భర్తకుగాని, భార్యకుగాని అట్టి కష్టము వచ్చినప్పుడు మొదటి రాత్రి “ఏమి చేసితివి?” అని అడుగకుడు. ముందు అన్నము పెట్టుడు. ఇంటి పెద్దలకు మీ నోటితోనే, వారము దాటకముందే చెప్పుడు. అటుపిమ్మట లెక్కలు వేసికొనుడు.

మా వారికి తెలుగు మాటలాడుట వచ్చునుగాని చదువుట రాదు. ఈ సీమలో అట్టివారే యెక్కువ. అందుచేత ఈ వ్యాసమును పంపుటకు ముందు వారికి చదివి వినిపించితిమి. కన్నులు మూసికొని వినిరి. టికెట్టు ఘట్టము వచ్చినప్పుడు చేయి యెత్తి ఆపి, “నువ్వే పంపినట్టు రాశావే. తల ఊపింది నేను గదా? మనం అని దిద్దు” అనిరి. మేము దిద్దలేదు. వారు తల ఊపినది మా మాట కాదనలేక. కాని వారట్లు చెప్పిరని మాత్రము ఇచ్చట వ్రాసి పెట్టితిమి.